గ్యాస్ వస్తదని చాటింపు

మొన్న కొత్తగా ఫైర్ సర్వీసులో చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. రిటైరైనవాణ్ణి, ఎవరు పిలిచినా వెళ్లిపోతాను. ఇంట్లో నా మాట వినేవాళ్లు ఎట్లాగూ లేరు. నన్ను పరిచయం చేసినాయన, "విషవాయువులోకి పోయి ఒక ముసలమ్మను చేతుల మీద మోసుకొచ్చిన ధైర్యశాలి" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి, వాడిన హోస్ పైపులను ఎట్లా ఆరబెట్టాలో పావుగంట చెప్పి కూర్చున్నాను. ఈ ముసలాయన సంగతేమిటో వాళ్లకు అర్థం కాలేదు. నాకే సరిగ్గా అర్థం కాలేదు, వాళ్లకేం అవుతుంది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. రేపు మీలో ఎవరినో ఒక ఊరికి పంపి, ప్రమాదానికి ఈ ఊరిని తయారు చెయ్యమంటారు. అప్పుడు ఇది గుర్తుంటే చాలు.

ముసలమ్మ సంగతి చెప్పాలంటే ముందు సిలిండర్ల సంగతి చెప్పాలి.

సుల్తానాబాద్ దిక్కున ఒక చిన్న పట్నంలో నేను స్టేషన్ ఆఫీసర్ని. ఒక బండి, ఒక డ్రైవరు, నలుగురు ఫైర్‌మెన్లు. మా సర్వీసంతా గడ్డివాములు ఆర్పడంలోనే గడిచింది. వ్యవసాయ బావిలో పడ్డ బర్రెలను తీయడం దానికి అదనం. డ్రైవరు ఆదిలాబాద్ మనిషి, మహారాష్ట్ర బార్డర్ నుంచి వచ్చినవాడు. ప్రతి మాటకూ ముందు "అరె బాబా" అంటాడు. నాకంటే చిన్నవాడే కానీ నా కోపాన్ని నాకంటే బాగా ఎరిగినవాడు.

మా పరిధిలో ఒక ఊరు ఉంది. ఊరి చివర ప్రైవేటు కోల్డ్ స్టోరేజి. పసుపు, మిర్చి, చింతపండు, విత్తనాలు అందులో దాచుకుంటారు. దాన్ని చల్లబరిచేది అమ్మోనియా. ఆ గోడకు ఆనుకునే కాలనీ. గోడ ముందు కట్టారా, ఇండ్లు ముందు కట్టారా అంటే ఎవరి మాట వాళ్లది. అంతకు ముందు సంవత్సరం కొంచెం గ్యాస్ బయటికి వచ్చి కాలనీవాళ్లకు కళ్లు మండాయి, రెండు కోళ్లు చచ్చాయి. దాంతో పై నుంచి కాగితం వచ్చింది. ఆ ఊరి ప్రజలను రసాయన ప్రమాదానికి తయారు చేయవలెను, మాక్ డ్రిల్ జరుపవలెను, నివేదిక పంపవలెను. తయారు చేయడమంటే ఏమిటో అందులో లేదు. పెళ్లికూతురిని తయారు చేసినట్టా, కోర్టుకు సాక్షిని తయారు చేసినట్టా?

పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టాను. నోటు పుస్తకం చూసి మాట్లాడాను. "విషవాయువు వెలువడిన యెడల గాలి వీచు దిశకు అడ్డముగా, సురక్షిత ప్రాంతమునకు తరలిపోవలెను" అన్నాను. ఇంట్లో నా భార్యతో ఎప్పుడైనా ఈ భాషలో మాట్లాడితే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది. ఊరివాళ్లు మాత్రం మర్యాదగా తలలూపారు. తల ఊపితే అర్థమైనట్టే అనుకునే వయసు నాకు అప్పటికే దాటిపోయింది. అయినా అట్లాగే అనుకున్నాను.

చివర్లో ఒక ఆడమనిషి లేచింది. ముప్పై అయిదేండ్లు ఉంటాయేమో. గోడ పక్కన మొదటి ఇల్లు ఆమెదే. బీడీలు చేస్తుంది, భర్త మస్కట్‌లో ఉంటాడు.

"సారూ, ఉర్కుమంటున్నవు మంచిగనే ఉంది. మా అత్త ఐదేండ్ల సంది మంచం దిగలే. గామెను ఎట్ల ఉర్కిచ్చుడు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "అది తర్వాత చూద్దాం బిడ్డా" అన్నాను. నా సర్వీసులో ఎన్నిసార్లు ఆ మాట అన్నానో లెక్క లేదు. అది మాత్రం మరిచిపోలేదు, ఎందుకంటే ఆమె నవ్వలేదు.

డ్రిల్లుకు ముందురోజు చాటింపు వేయించాను. ఆ ఊళ్లో డప్పు కొట్టే పెద్దాయన ఉన్నాడు. అరవై దాటినా గొంతు కంచులా మోగుతుంది. ఆయనకు చదువు రాదు కాబట్టి నేనే చెప్పాను: కోల్డ్ స్టోరేజి నుంచి గ్యాస్ వస్తది, తొమ్మిది గంటలకు అందరూ బడి దగ్గరికి రావాలి, ఆధార్ కార్డులు తెచ్చుకోవాలి. ఆధార్ ఎందుకంటే, ఎంతమంది వచ్చారో రిజిస్టరులో ఎక్కించడానికి. ఇది నిజం కాదు, ఉత్త డ్రిల్లు అని కూడా చెప్పాననే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆయన మాత్రం చెప్పలేదంటాడు.

తెల్లారి ఎనిమిదిన్నరకు ఆర్డీవోగారిని వెంటబెట్టుకుని బడి దగ్గరికి పోయాను. రోడ్డు మలుపు తిరిగాక మా డ్రైవరు బండి నెమ్మది చేశాడు.

"అరె బాబా, సారూ, ఊరంతా ముందే వచ్చి కూసున్నది."

నాకు సంతోషమేసింది. ఇంకొంచెం దగ్గరికి పోయాక చూస్తే బడి గేటు నుంచి పాల కేంద్రం దాకా వరుస. వరుసలో మనుషులకంటే ఎక్కువగా సిలిండర్లు. ఎర్రవి, తుప్పు పట్టినవి, సైకిలు మీద కట్టినవి, నెత్తి మీద మోసుకొచ్చినవి. చేతుల్లో ఆధార్ కార్డులు, గ్యాస్ పుస్తకాలు. పక్క ఊరి నుంచి రెండు ఆటోలు కూడా వచ్చాయి, అవీ సిలిండర్లతోనే. కోల్డ్ స్టోరేజివాళ్లు ఊరికి ఉచితంగా గ్యాస్ ఇస్తున్నారని రాత్రికి రాత్రే పాకిపోయిందట. గోడ పక్క వాసన భరిస్తున్నందుకు ఇస్తున్నారని ఒకరు, ఎలక్షన్లు వస్తున్నాయని ఇంకొకరు. బీడీలు చేసే ఆమె కూడా వరుసలో ఉంది. అత్తను ఇంట్లో వదిలి, ఖాళీ సిలిండరు చంకనెత్తుకుని వచ్చింది.

ఆర్డీవోగారు కారు దిగి చాలాసేపు చూశారు.

"ఏంటండీ ఇది?"

"డ్రిల్లు సార్" అన్నాను.

మర్నాడు ఏదో పేపరు జిల్లా పేజీలో ఫొటో వేసింది. సిలిండర్ల మధ్యలో టోపీ పెట్టుకుని, బస్సు తప్పిపోయినవాడిలాగా నేను. మెమో వచ్చింది. నా కోపం పోయి పోయి డప్పు పెద్దాయన మీద పడింది. ఇంటికి పోయి మరీ అరిచాను. ఆయన నులక మంచం మీద నుంచి లేచి నిలబడి, అంతా విని, నెమ్మదిగా అన్నాడు.

"సారు, నువ్వు గ్యాస్ వస్తదని సాటమన్నవు. సాటిన. ఆధార్ కార్డు దెమ్మన్నవు. చెప్పిన. గ్యాస్ అంటే మాకు పొయ్యి కాడిదే గద. ఇంకో గ్యాస్ ఉంటదని నువ్వన్న చెప్పకపోతివి."

ఒక్క మాట తప్పు లేదు. అందుకే ఇంకా కోపమొచ్చింది. బయటికి వచ్చి బండిలో కూర్చున్నాక డ్రైవరు నా వైపు చూడకుండా, "ఆయన మంచిగనే సాటిండు సారు" అన్నాడు.

రెండో డ్రిల్లుకు రెండు నెలల గడువిచ్చారు. ఈసారి నోటు పుస్తకం తీసుకుపోలేదు. కోల్డ్ స్టోరేజిలో కంప్రెసర్ నడిపే ఆపరేటరు దగ్గరికి పోయాను. కరీంనగర్ సాయిబు. పాతికేండ్లుగా ఆ మిషన్ల మధ్యనే ఉన్నాడు. ఊరివాళ్లకు ఈ వాసన ఎట్లా చెప్పాలయ్యా అంటే, ఆయన నవ్వాడు.

"సాబ్, మా అబ్బా ఊరూరు తిరిగి గిన్నెలకు కళాయి పెట్టేటోడు. నౌసాదర్ వేస్తే లేస్తది చూడు పొగ, కండ్లల్ల పొడిచినట్టు, గదే వాసన. గిదీ గదీ ఒక్కటే ఖాందాన్."

నౌసాదర్ అంటే నవసాగరం. ఇత్తడి గిన్నెలకు తగరం పూసేటప్పుడు చల్లే తెల్ల పొడి. ఊళ్లో నలభై దాటిన ప్రతి ఆడమనిషీ ఆ పొగకు కొంగు అడ్డం పెట్టుకున్నదే. డప్పు పెద్దాయన దగ్గరికి మళ్లీ పోయాను. క్షమించమని అడగలేదు. ఆ అలవాటు మా డిపార్టుమెంటులో లేదు. చాయ తెప్పించి కూర్చోబెట్టుకున్నాను, అది ఆయనకు సరిపోయింది.

"కళాయి వాసన వస్తే ఉర్కుండ్రి అని సాటుత సారు. ఆడోళ్లకు మస్తు తెలుస్తది. మరి ఎటు ఉర్కాలె?"

గాలి దిశకు అడ్డముగా అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిట్ల చెప్తె మల్ల సిలిండర్లే దెస్తరు. వడ్లు తూర్పార పడితె తాలు ఒక దిక్కు కొట్టుకపోతది గద. తాలు పోయే దిక్కు పోవద్దు. గంతే."

అంతే. మూడు వారాలు ట్రైనింగులో నేను నేర్చుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పి చాయ ఊదుకున్నాడు. గాలి ఎటు ఉందో కనిపించడానికి నీళ్ల ట్యాంకు మీద ఒక పాత చీర కట్టించాము.

మిగిలింది ముసలమ్మ. బీడీలు చేసే ఆమె ఇంటికి పోయాను. రెండు గదులు. లోపలి గదికి ఒకటే తలుపు, చిన్న కిటికీ. మంచం మీద అత్త. చూపు మంచిగానే ఉంది, మాట ఇంకా మంచిగా ఉంది. నన్ను చూసి, "ఎవ్వలమ్మా, కరెంటాయ్‌నా?" అంది. గది మూలన బకెట్లో తునికాకు కట్టలు నానుతున్నాయి. పక్కన తడి గోనె సంచులు, తడి గుడ్డలు. ఆకు ఎండిపోతే కత్తిరించడం రాదట, అందుకే ఎప్పుడూ తడిగా చుట్టిపెడతారు.

పుస్తకంలో రెండు మాటలూ ఉన్నాయి. బయటికి పోవాలని ఒక పేజీలో, పోలేకపోతే తలుపులు బిగించుకుని లోపలే ఉండాలని ఇంకో పేజీలో. ఏది ఎప్పుడు అనేది అక్కడున్నవాడు తేల్చుకోవాలట. ఊరికంతా ఉరకమని చెప్పి, ఈ ఒక్క ఇంటికి ఉండమని చెప్పాలా? నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. మంచంతో సహా మోయాలంటే నలుగురు కావాలి, ఆ సమయానికి ఆ నలుగురు ఎక్కడుంటారో ఎవరికి తెలుసు? చివరికి ఉండమనే చెప్పాను.

"కళాయి వాసన వచ్చిందంటే కిటికీ, తలుపు మూసెయ్యి. సందులల్ల తడిగుడ్డలు కుక్కు. అత్త ముఖం మీద ఒకటి, నీ ముఖం మీద ఒకటి. ఎవ్వలొచ్చి కొట్టినా తలుపు తీయద్దు. ఎవ్వలు కొట్టినా."

"తడిగుడ్డలకేం తక్కువ సారు మా ఇంట్ల" అంది. తర్వాత కొంచెం ఆగి, "మరి అయిపోయిందని నాకెట్ల తెలుస్తది?" అని అడిగింది.

మంచి ప్రశ్న. ఆ ఊళ్లో సరైన ప్రశ్నలన్నీ ఆమే అడిగింది. నేను ఆలోచించకుండా, "నేను వచ్చి చెప్తలే" అన్నాను.

రెండో డ్రిల్లు పెండ్లి జరిగినట్టు జరిగింది. డప్పు మోగింది, ఊరు కదిలింది, ఒక్క సిలిండరు లేదు. ట్యాంకు మీద చీర చూసుకుంటూ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటూ బడికి చేరారు. ఆర్డీవోగారు తలాడించారు. నేను డ్రైవరును తీసుకుని గోడ పక్క ఇంటికి పోయాను. లోపలి గది తలుపు కింద తడి గోనె కనబడుతోంది. డ్రైవరుతో కొట్టించాను. వాడు కొట్టాడు, పిలిచాడు, పోలీసులమన్నాడు, పోస్టుమ్యాన్‌నన్నాడు. లోపలి నుంచి ఆమె గొంతు:

"ఎవ్వలు కొట్టినా తీయద్దన్నడు సారు. పో."

నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. నవ్వుకుంటూ ముందుకు పోయి, "అయిపోయింది బిడ్డా, నేనే, తియ్యి" అన్నాను. వెంటనే గడియ తీసింది. లోపలి నుంచి ముసలమ్మ, "అయిపోయిందా ఆట?" అంది. అందరం నవ్వుకున్నాం.

నివేదిక రాశాను. అందులో తరలించినవారు అనే గడి ఉంది, తరలించాల్సినవారు అనే గడి ఉంది. ఇంట్లోనే ఉంచినవారు అనే గడి లేదు. ఆ ఇద్దరి పేర్లు తరలించినవారిలోనే వేసేశాను. లెక్క సరిపోయింది.

తర్వాత అయిదారు నెలలకు, శ్రావణంలో, ముసురు పట్టిన ఒక పొద్దున ఆపరేటరు ఫోన్ చేశాడు.

"సాబ్, వాల్వు కాడ గ్యాస్ కొట్టేసింది. మాస్కు ఏసుకొని లోపటికి పోతున్న. జల్దీ రాండ్రి."

మేము చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. డప్పు శబ్దం రోడ్డు మీదికే వినబడింది. కోల్డ్ స్టోరేజి గోడ మీది నుంచి తెల్లటి మబ్బు కిందికి దిగి కాలనీ మీదికి పాకుతోంది. తేమకు అది పైకి పోకుండా నేల పట్టుకుని నడుస్తోంది. ట్యాంకు మీద చీర తడిసి ముద్దై వేలాడుతోంది, అది ఏ దిక్కూ చూపడం లేదు. కానీ బడి దగ్గరికి పోయి చూస్తే ఊరంతా అక్కడే ఉంది. ముసలోళ్లు, పసిపిల్లల తల్లులు, మేకలు, అందరూ. చీర పనిచేయకపోతే పెద్దాయన పిడికెడు పొట్టు గాలిలోకి ఎగరేసి చూసి, దిక్కు తేల్చి, అందరినీ తోలుకొచ్చాడట. సర్వీసు మొత్తంలో నేను చేసిన ఒకే ఒక మంచిపని అది అనుకున్నాను. ఆ అనుకోవడం అయిదు నిమిషాలు ఉంది.

మా డ్రైవరు నీళ్ల జల్లుతో మబ్బును అణచడం మొదలుపెట్టాడు. పంచాయతీ కార్యదర్శి రిజిస్టరు పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. ఫోన్‌లో ఆర్డీవోగారు.

"లెక్క ఎంత?"

"ఇద్దరు తక్కువ సార్."

"ఇద్దరు లోపలున్నారా? మీరు బయట నిలబడి ఏం చేస్తున్నారు? ఒక్కరు కూడా లోపల ఉండొద్దు. ఒక్కరు కూడా!"

సార్, వాళ్లను నేనే ఉండమన్నాను అని చెప్పాలి. "చూస్తాను సార్" అన్నాను. కాగితం మీద వాళ్లు తరలించినవాళ్లు. డప్పు పెద్దాయన నా పక్కకు వచ్చాడు.

"సారు, గాళ్లు తలుపేసుకున్నరు. నువ్వే గద చెప్పినవు. ఫికర్ చెయ్యకు."

నాకు తెలుసు. తెలిసి కూడా నా బుర్రలో ఏదో తిరిగిపోయింది. గుడ్డలు ఎండిపోయి ఉంటే? కిటికీ సందు వదిలేసి ఉంటే? ఇద్దరూ అక్కడే చచ్చిపడి ఉంటే, ఎవరు ఉండమన్నారని రేపు అడిగితే? అందులో వాళ్ల గురించి భయం ఎంత, నా గురించి భయం ఎంత, ఇప్పటికీ వేరు చేసి చూడలేను. మబ్బు తగ్గుతోందా, పెరుగుతోందా? ఒకసారి తగ్గినట్టు, ఒకసారి పెరిగినట్టు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. నేను గాలి సిలిండరు వీపున కట్టుకుని మాస్కు పెట్టుకున్నాను.

"అరె బాబా, సారూ, జర ఆగుండ్రి, నీళ్లు కొడుతున్న గద!" అని డ్రైవరు అరిచాడు.

ఆగలేదు. ఆ ఇంటి ముందు నా చెయ్యి నాకే సరిగ్గా కనబడలేదు. ముందు గది దాటి లోపలి గది తలుపు కొట్టాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. తీయదు కదా, నేనే నేర్పాను. మాస్కులో నుంచి పిలిస్తే నా గొంతు నాకే గురగురమని వినిపించింది. మాస్కు అంచు కొంచెం ఎత్తి, కళ్లు మండుతుంటే, గొంతు చించుకుని అరిచాను.

"బిడ్డా! నేనే! తియ్యి!"

తడిగోనె పక్కకు జరిగిన శబ్దం వినబడింది. గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. లోపల గది చల్లగా, మసకగా, శుభ్రంగా ఉంది. మంచం మీద ముసలమ్మ ముఖం మీది గుడ్డ తీసి నా వైపు చూస్తోంది. బీడీలు చేసే ఆమె ముఖం మీది గుడ్డ కూడా చేతిలోనే ఉంది. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు ఎందుకో నాకు ఆ క్షణం తట్టలేదు. నా పక్క నుంచి మబ్బు లోపలికి పోయింది.

ఆ తర్వాత నాకు చేతకానిది ఏదీ లేనట్టు చేశాను. ముసలమ్మను ఎత్తుకున్నాను, తడిగుడ్డ ముఖానికి అదిమాను, కోడలిని ముందు నడవమన్నాను. ఆ సందు దాటడానికి ఓ నలభై అడుగులు. ముసలమ్మ బరువే లేదు. కానీ దగ్గుతోంది, ఒళ్లంతా ఎగిరిపడేట్టు. సగం దూరంలో గుడ్డ జారిపోయింది. నాకు మాస్కు ఉంది. ఆమెకు లేదు. మా డ్రైవరు నీళ్ల జల్లు మా మీదికే తిప్పాడు. బయటపడ్డాం. ఎవరో ఫోన్‌లో ఫొటో తీశారు.

అంబులెన్సు వాళ్లను కరీంనగర్ తీసుకుపోయింది. అది కదిలిన పది నిమిషాలకు ఆపరేటరు కళ్లు ఎర్రగా చేసుకుని గేటు బయటికి వచ్చి కూలబడ్డాడు.

"బంద్ అయింది సాబ్. పూరా బంద్."

పది నిమిషాలు. మబ్బు చెదిరిపోవడానికి ఇంకో అరగంట పట్టిందనుకోండి. ఆ గదిలో ఆ అరగంట వాళ్లకు ఏమీ అయ్యేది కాదేమో. అయ్యేదేమో కూడా. ఎవరు చెప్పగలరు? కోడలు రెండు రోజులకు ఇంటికొచ్చింది. ముసలమ్మ ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి, అక్కడే పోయింది. ఆ వయసులో ఊపిరితిత్తులు ఎట్లాగూ బలహీనంగా ఉంటాయని డాక్టరు అన్నాడు. ఆ ఎట్లాగూ అనే మాటను పట్టుకుని నేను చాలా రోజులు బతికాను. విచారణ జరిగింది. వాల్వు గురించి అడిగారు, మేము చేరిన సమయం గురించి అడిగారు. తలుపు గురించి ఎవరూ అడగలేదు. డప్పు పెద్దాయనను కూడా పిలిచారు. ఆయన అడిగినదానికి మాత్రమే చెప్పి, నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. మా డ్రైవరు ఆ రోజు గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అరె బాబా అని కూడా అనలేదు. జనవరి జెండా పండుగ నాడు పరేడ్ మైదానంలో నాకు ప్రశంసా పత్రం ఇచ్చారు. వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

దానికంటే ముందు, ముసలమ్మ దినాలు అయిపోయాక, ఒకసారి ఆ ఇంటికి పోయాను. కొడుకు మస్కట్ నుంచి వచ్చి ఉన్నాడు. నన్ను చూసి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మా అవ్వను నీ చేతుల మీద బయటికి దెచ్చినవట సారు. సొంత కొడుకును, నేను లేకపోతిని. నీ రుణం తీర్సుకోలేను."

చేతులు విడిపించుకోలేక అట్లాగే నిలబడ్డాను. కుర్చీ వేసి, చాయ చెప్పొస్తానని హోటలు దిక్కు పోయాడు. గడప పక్కన ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తలేదు. ఊరుకుంటే పోయేది. కానీ ఎవరో ఒకరు నా బరువు కొంత దించుతారని ఆశ ఉంటుంది కదా, అంత నీచంగా కూడా ఉంటుంది మనిషికి.

"ఎవ్వలు కొట్టినా తీయద్దని చెప్పిన గద బిడ్డా. ఎందుకు తీసినవు?"

చుడుతున్న బీడీకి దారం చుట్టి, తెంపి, చాటలో వేసింది. అప్పుడు నా వైపు చూసింది.

"నువ్వు పిలిస్తివి గద సారు. అయిపోయిందనుకున్న."